ఆదెమ్మ చెయ్యి ఆగిన చోట

“అది ఆగితే మనమూ ఆగాలని ఎక్కడ రాసుందమ్మా? దాని జవాబు పట్టించుకోకుండా ముందుకు తోసెయ్,” అన్నాడు డైరెక్టర్ చక్రపాణి. లిఫ్టు రాకపోతే బటన్ ఇంకోసారి నొక్కమన్నంత మామూలుగా అన్నాడు.

పైడితల్లి తోయలేదు. కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆమెకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాతే మాట వస్తుంది. పదకొండేళ్లుగా ఆ చెవుల్ని చూస్తున్న చక్రపాణి చూపు కిటికీలోంచి సముద్రం వైపు తిప్పుకున్నాడు.

బల్లమీద గాజుపలక. దానిమీద వెంట్రుకలో పదోవంతు సన్నం ఉన్న పోగు. పోగుని రెండువైపులా పట్టుకుని, బియ్యపుగింజంత కొసలున్న రెండు మరవేళ్లు. అంతవరకూ చకచకా పని చేసిన వేళ్లు ఉన్నట్టుండి నిలబడిపోయాయి. తెరమీద ఒకే ఒక్క జవాబు వచ్చింది: కాదు.

“సరే, తోసి చూద్దాం. కానీ పసిపిల్లల నరాల మీద కాదు, ఈ దూది మీద,” అంది పైడితల్లి.

ఆ పూటంతా అదే పని. వేళ్లు ‘కాదు’ అని ఆగిపోయిన నలభై పోగుల్ని పక్కన పెట్టుకుని, ఆ జవాబుని లెక్కచెయ్యకుండా ఒక్కొక్కదాన్నే లాగించింది. ఇరవై ఏడు దక్కాయి. పదమూడు తెగాయి.

“చూశావా! వదిలేస్తే నలభై మంది పిల్లలూ అవిటివాళ్లే. తోస్తే ఇరవై ఏడుగురు బాగుపడతారు,” అన్నాడు చక్రపాణి. ఆయన చెడ్డవాడేం కాదు. ఆస్పత్రులనించి రోజూ ఫోన్లు వచ్చేది ఆయనకే. ఆపరేషన్ మధ్యలో యంత్రం మొరాయించిందని డాక్టర్లు తిట్టేదీ ఆయన్నే.

“వదిలేసిన నరానికి ఇంకో రోజు ప్రయత్నం ఉంటుంది సార్. తెగిన నరానికి ఏ రోజూ ఉండదు.”

“సోమవారం కొత్త వెర్షన్ అన్ని ఆస్పత్రులకీ వెళ్లాలి,” అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఆ మరవేళ్లని నడిపించేది ఆదెమ్మ చెయ్యి. అంటే పొందూరులో నూలు వడికే ఆదెమ్మ అనే అరవై ఎనిమిదేళ్ల మనిషి చేతిలో ఉన్న పనితనం. రెండేళ్ల కిందట ఆమె తలకి తీగల టోపీ తొడిగి, అద్దాల గదిలో పంతొమ్మిది రోజులు రాట్నం తిప్పించి, ఆ పనితనాన్ని అచ్చుతీసి, కంపైల్ చేసి ఒక లైబ్రరీగా బిగించారు. దాన్ని పిలవచ్చు, పని చేయించుకోవచ్చు, విప్పి చదవడం మాత్రం కుదరదు. మందులషాపు కిటికీలోంచి చీటీ అందించినట్టు అడగాలి. లోపలివాళ్లు వస్తువు ఇస్తారు, లేదా లేదంటారు. లోపలికి మాత్రం రానివ్వరు. మర మాట్లాడే భాష వేరు, ఆదెమ్మ చెయ్యి అచ్చుపడిన భాష వేరు. ఆ చీటీని ఇటునించి అటు అర్థమయ్యేట్టు రాసి, జవాబుని అటునించి ఇటు తెచ్చే వారధిని రాసింది పైడితల్లి.

అచ్చు తీసేటప్పుడు అసలు మనిషిలో ఉన్న పనితనం చెదిరిపోతుంది. ‘చేతిలో కొంత మొద్దుబారినతనం ఉండవచ్చు’ అని ఒప్పందం కాగితాల్లో పద్నాలుగో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఆదెమ్మకి మొద్దుబారలేదు, మొత్తం పోయింది. యాభై ఏళ్లు తిప్పిన రాట్నం ముందు ఇప్పుడు ఆమె కొత్తగా కూర్చున్న పిల్లలా తడుముకుంటుంది. పసిపిల్లల చేతులు బాగుపడతాయంటే సంతోషంగా ఒప్పుకుంది గానీ, తన చేతులు పోతాయని ఆమెకి ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పనివాళ్లలో పైడితల్లి కూడా ఉంది.

*

“ఇరవై ఏడంటే సగం కంటే ఎక్కువే కదక్కా,” అంది సుగుణ.

సుగుణ పైడితల్లి చెల్లెలు. ఆమె కూతురు ఆద్వికకి ఎనిమిది నెలలు. పుట్టేటప్పుడు భుజం ఇరుక్కుని, మెడ దగ్గర నాలుగు నరాలు నలిగి విడిపోయాయి. కుడిచెయ్యి ఒంటికి తగిలించిన గుడ్డపీలికలా వేలాడుతుంటుంది. ఐదో నెలలో ఒకసారి ఆపరేషన్ మొదలుపెట్టారు. మొదటి నరం దగ్గరే ఆదెమ్మ చెయ్యి ఆగిపోయింది. అంత సన్నని నరాన్ని మనిషి చేతులతో కుట్టడం ఎవరివల్లా కాదు కాబట్టి డాక్టర్ ప్రేమానందం ఏమీ ముట్టుకోకుండా మళ్లీ కుట్లు వేసి పంపేశాడు. తొమ్మిదో నెల దాటితే ఆ నరాలు ఇక అతుక్కోవు. ఇరవై రెండు రోజులే ఉంది.

“నీ కూతురు ఆ పదమూడులో ఉంటేనో?”

“ఇరవై ఏడులో ఉంటేనో? నువ్వే ఆ ప్రోగ్రాములో ఒక్క లైను మారిస్తే అయిపోయేదానికి...” సుగుణ పాప వైపు చూసి, మళ్లీ అక్క వైపు తిరిగింది. “నీకు పిల్లల్లేరు గనక ఇంత నిబ్బరంగా మాట్లాడుతున్నావు.”

ఆ మాట అన్న వెంటనే సుగుణ నాలిక కరుచుకుంది. కింద చాపమీద బోర్లాపడిన ఆద్విక, గిలక్కాయని ఎడమచేత్తో లాక్కోబోయి, ఒరిగి ముక్కు నేలకి కొట్టుకుని కెవ్వుమంది. పైడితల్లి ఎత్తుకుంది. ఆ కుడిచెయ్యి ఆమె మెడ చుట్టూ పడలేదు, ఊరికే వేలాడింది. ఆ క్షణంలో ఆమెకి కూడా ఆ ఒక్క లైను మార్చేయాలనిపించింది. ఎంత అనిపించిందంటే, పిల్లని చెల్లెలి ఒళ్లో పెట్టేసి చెప్పులు వేసుకుని తిన్నగా ల్యాబ్‌కి నడిచింది.

వెళ్లి ఆ లైను తెరిచింది. తెరిచి, మార్చకుండా చూస్తూ కూర్చుంది. మార్చేముందు ఒక్కసారి, ఆగిపోయిన చెయ్యి ఆగి ఏం చేస్తుందో చూద్దామనుకుంది. ఇన్నాళ్లూ అది ఆగిందంటే పనైపోయిందనుకున్నారు అందరూ. చచ్చిన ఫోనుని ఎవరు మాత్రం పరీక్షగా చూస్తారు?

అది చావలేదు. లోపల పరిగెడుతూనే ఉంది. చీటీలో మూడు గడులున్నాయి. మొదటిది పోగు మందం, రెండోది బిగువు. మూడోది ఏమిటో ఎవరికీ అంతుపట్టక సున్నా పెట్టి పంపిస్తున్నారు. ఆగిపోయిన చెయ్యి ఆ మూడో గడినే చూస్తోంది. క్షణానికి రెండొందల సార్లు చూస్తోంది. సున్నా. మళ్లీ చూస్తోంది. సున్నా. చివరికి విసుగొచ్చి ‘కాదు’ అంటోంది.

“ఇది చెడిపోలేదు. దేనికోసమో ఎదురుచూస్తోంది,” అని పైకే అనేసింది పైడితల్లి.

రెండేళ్ల కిందట, ఏదో ఒకటి పెట్టకపోతే చీటీ వెళ్లదు కదా అని, ఆ గడిలో సున్నా పెట్టింది తనే. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి కోపం తనమీదే.

*

పొందూరులో ఆదెమ్మ ఇంటి వసారాలో, తోడికోడళ్లిద్దరూ ఉన్నారు. ఆదెమ్మ గోడకి ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిన్నది నర్సమ్మ, అరవై మూడేళ్ల మనిషి, వాలుగచేప దవడ ఎముకతో కొండపత్తిని దువ్వుతోంది. ఎముకలోని సన్నని పళ్లమధ్యనించి పత్తి పొగలా సాగి వస్తోంది. ఆ ఊళ్లో పత్తిని శుభ్రం చేయడానికి ఆ ఎముకని మించిన పనిముట్టు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

“మామ్మా, నూలు వడికేటప్పుడు నీ చెయ్యి ఆగేదా?” అని అడిగింది పైడితల్లి.

“ఆగీది.”

“ఎందుకు?”

ఆదెమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. “నా సేతికి తెలుసును గానీ నాకు తెల్దమ్మా. ఇప్పుడు సేతికీ తెల్దు.”

నిష్ఠూరం లేకుండా అంది. ఆ నిష్ఠూరం లేకపోవడమే పైడితల్లికి చెంపదెబ్బలా తగిలింది. ఏం చెప్పాలో తెలియక, ఫోన్ తీసి అప్పటి వీడియో పెట్టింది. అద్దాల గది, తీగల టోపీ, రాట్నం, దాని ముందు ఆదెమ్మ. నర్సమ్మ ఎముక కింద పెట్టి, కళ్లు చికిలించి చూసింది. రెండు నిమిషాలు చూసి బుగ్గలు నొక్కుకుంది.

“ఇదేటి! అక్క సేత ఊఁ నేకుండా ఒడికించీసినారా?”

“ఊఁ ఏమిటి మామ్మా?”

“ఏటేటి? ఊఁ! ఒడికీది ఒకలూ, ఎదురుగుండా ఏకీది ఒకలూను. ఒడికీదానికి పోగు సేతిలో ఉంటాది గానీ ఎలుతురు ఎనక్కుంటాది, కనపడదు. ఎదుట కూకున్నదానికి ఎలుతురులోన పీసు పీసు కనపడతాది. దాని సెయ్యి అనుమానం పడి ఆగిందనుకో, నాను సూసి ఊఁ అంటాను. అప్పుడు లాగుతాది. ఊఁ అనకపోతే లాగదు. ఆగుతాది. మేం నలభై ఏళ్లు అలగే సేసినాం.”

“మరి అచ్చు తీసినప్పుడు నువ్వు లేవా అక్కడ?”

“నానెల్లానమ్మా అక్కతోటి! అద్దం బయట కూకోబెట్టి బిస్కట్లు పెట్టినారు. లోన సప్పుడవకూడదంట.”

ఆదెమ్మ తలెత్తింది. “లోన నాకు ఊపిరాడీది కాదు. ఎవలూ ఏటీ అనరు. ఆగి ఆగి, ఇంక ఎవలూ అనరని నానే లాగీసీదాన్ని. సానా పోగులు తెగిపోనాయి.”

పైడితల్లికి అర్థమైంది. పరిశుభ్రమైన నిశ్శబ్దం కావాలని, ఆ పనిలో సగభాగాన్ని అద్దం బయట కూర్చోబెట్టి బిస్కట్లు పెట్టింది తమ ప్రయోగశాల. ఆ మిగిలిన సగంకోసం చెయ్యి రెండేళ్లుగా ఖాళీ గడిని తడుముకుంటోంది.

*

మూడో రోజున నర్సమ్మని ల్యాబ్‌కి తీసుకొచ్చింది. ఆమెతోపాటు ఆదెమ్మా వచ్చింది. ఒకళ్లని వదిలి ఒకళ్లు ఉండే రకం కాదు. పైడితల్లి మూడో గడిలోంచి సున్నా తీసేసి, అక్కడికి ఒక మైకు కలిపింది. తెరమీద పోగుని చేటంత పెద్దదిగా చూపించింది. చెయ్యి ఆగినప్పుడల్లా నర్సమ్మ చూసింది. కొన్నిసార్లు వెంటనే ఊఁ అంది. కొన్నిసార్లు, “ఆ పక్కనున్నది సదరండి ముందు,” అని గదమాయించి, సదిరాక అంది. కొత్తగా ఆగిన నలభై పోగుల్లో ముప్పై తొమ్మిది దక్కాయి.

“ఆ ఒక్కటీ మీరు మాటాడించబట్టి,” అంది నర్సమ్మ, పక్కనే నిలబడి ఆరా తీస్తున్న చక్రపాణిని చూస్తూ.

చక్రపాణి ముఖం వెలిగిపోయింది. “అద్భుతం! అమ్మా, నీది కూడా అచ్చు తీసేద్దాం. పంతొమ్మిది రోజులు చాలు.”

నర్సమ్మ ఆదెమ్మ చేతుల వంక చూసింది. తర్వాత డైరెక్టర్ వంక చూసింది.

“అక్క సెయ్యి ఇచ్చింది. పసిగుంటలు బాగుపడతారని ఇచ్చింది, తప్పనను. మీరేటి పట్టుకుపోతన్నారో దానికి సెప్పకుండా పట్టుకుపోనారు. అది మీ తప్పు. నా ఊఁ నానివ్వను.”

“ఎంతమంది పిల్లలు...”

“పిల్లల మీద పెట్టి మాటాడకండి బాబూ. ఇవ్వనన్నాను గానీ నేర్పనన్నానేటి? ఎవలొచ్చినా నేర్పుతాను. వొందమంది రండి, వొందమందికీ నేర్పుతాను. నేర్పితే నా దగ్గరున్నది పోదు. మీరు పట్టుకుపోతే పోతాది.”

“నేర్చుకోడానికి ఎన్నాళ్లు పడుతుంది?” అని అడిగాడు చక్రపాణి.

“నాకు ఆరేళ్లు పట్టింది. మీకు సదువుంది గదా, కొంచెం ముందే రావచ్చు.”

పైడితల్లి నవ్వాపుకోలేకపోయింది. చక్రపాణి ముఖం మాడ్చుకుని ఆమెని పక్కకి పిలిచాడు.

“ఈవిడ ఇందాక అన్న ఊఁలు రికార్డయ్యాయి కదా. అందులో ఒకటి తీసుకో. చెయ్యి ఆగగానే అది మూడో గడిలోకి వెళ్లేట్టు పెట్టెయ్. అందరికీ పనవుతుంది.”

“అది ఊఁ కాదు సార్. చూసి అంటేనే ఊఁ. చూడకుండా అనేది వట్టి చప్పుడు. మీరు మొన్న తొయ్యమన్నదానికీ దీనికీ ఏం తేడా లేదు, ఒక ముసలావిడ గొంతు అడ్డం పెట్టుకోవడం తప్ప.”

“నువ్వు రాయకపోతే ఇంకొకరు రాస్తారు.”

“రాయించండి. వారధిలో ఏం మార్చారో, ఎవరు మార్చమన్నారో, పదమూడు పోగులు ఎలా తెగాయో, మొత్తం రాసి ప్రతి ఆస్పత్రికీ నేనే పంపుతాను. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే ఇంట్లో కూర్చుని పంపుతాను.”

ఆయన ఆమె ఎర్రబడ్డ చెవుల వంక చూశాడు. చివరికి, “మీ చెల్లెలి పాప ఆపరేషన్ నీ పద్ధతిలోనే చేయించు. సోమవారం వెర్షన్ అప్పటిదాకా ఆపుతాను. అది సరిగ్గా జరిగితే నీ మాట వింటాను. జరగకపోతే రికార్డు చేసిన ఊఁ అన్ని ఆస్పత్రులకీ వెళ్తుంది, నువ్వు అడ్డురాకూడదు. సరేనా?” అన్నాడు.

ఒక పసిపిల్ల భుజం మీద దేశంలో పిల్లలందరినీ పెట్టాడు. అయినా పైడితల్లి, “సరే,” అంది.

*

తోడికోడళ్లిద్దరూ అక్కయ్యపాలెంలో పైడితల్లి ఇంట్లోనే దిగారు. పద్నాలుగు రోజులు ఆమె వంటింటి బల్లే బడి. పొద్దున్నే కిటికీ వెలుతురులో నర్సమ్మ పత్తి సాగదీసేది, పైడితల్లి చూసి ఊఁ అనాలి. మొదటి నాలుగు రోజులూ ఊఁ అన్న ప్రతి పోగూ తెగింది.

“తొందర పడిపోతన్నావు. పని ఎప్పుడైపోతాదా అని ఊఁ కొడతన్నావు. పని సంగతి నీకేల? పత్తి సూసి కొట్టు.”

“ఎలా తెలుస్తుంది మామ్మా?”

“పీసులన్నీ ఒక్క దిక్కుకి తిరిగినాయా, ఒకటేదైనా అడ్డం పడుందా, సూడు. అడ్డమున్నంతసేపూ నోరు మూసుకో. ఎవలు తిట్టినా మూసుకో.”

ఆదెమ్మ పక్కనే కూర్చుని అంతా వినేది. ఒకరోజు ఆమె కూడా పత్తి వంక చూసి, “ఊఁ,” అంది. పోగు నిలిచింది. నర్సమ్మ కళ్లు పెద్దవి చేసి, “అక్కా, సేతులు పోతే పోనాయి, కళ్లున్నాయి నీకు!” అని ఆమె వీపు మీద చరిచింది. ఆ రోజు నించి వంటింటి బల్లదగ్గర చదువుకునేవాళ్లు ఇద్దరయ్యారు. పోటీలో ఆదెమ్మే ముందుండేది. పైడితల్లికి అది ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేం. చేసిన తప్పు దానివల్ల మాసిపోదని కూడా ఆమెకి తెలుసు.

పదో రోజున సుగుణ పాపనెత్తుకుని వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, “నేనన్న మాట మనసులో పెట్టుకోకక్కా,” అంది.

“పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకోను? రా, లోపలికి,” అంది పైడితల్లి.

సుగుణ ఏడుస్తూనే నవ్వింది. నర్సమ్మ పాపని ఒళ్లోకి తీసుకుని, ఆ కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. “నాను సెప్పలేను తల్లీ బాగుపడతాదో నేదో. తెలిసినట్టు సెప్పీవోళ్లని నమ్మకు. కానీ సూడకుండా మాత్రం ఊఁ అనను. అది సెప్పగలను.”

సుగుణ ఆపరేషన్ కాగితాలమీద సంతకం పెట్టింది.

*

ఆపరేషన్ గురువారం పొద్దున్న తొమ్మిదింటికి. ఆదెమ్మ బయట సుగుణ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

లోపల పైడితల్లి కంప్యూటర్ దగ్గర నిలబడింది, ఆకుపచ్చ గౌనులో నర్సమ్మ ఒక ఎత్తు స్టూలు మీద కూర్చుంది. ఏసీకి ఒళ్లు ముడుచుకుని, “బతికున్నోళ్లని ఇంత సలిలో పెడతారేటి?” అని సణిగింది. డాక్టర్ ప్రేమానందం నవ్వి, మర పక్కకి జరిగాడు. పైన అద్దాల గ్యాలరీలో చక్రపాణి నిలబడ్డాడు. కిందివాళ్లతో మాట్లాడ్డానికి ఆయన పక్కన మైకు ఉంది.

ఆద్విక మెడ దగ్గర, రూపాయి బిళ్లంత మేర తెరిచి ఉంది. తెరమీద నరాల చివర్లు తడిసిన పత్తిపీచుల్లా కనిపించాయి. వేళ్లు కదిలాయి. మొదటి నరం దగ్గర ఆగాయి. నర్సమ్మ చూసింది. ఊఁ. వేళ్లు లాగి ముడేశాయి. రెండో దాని దగ్గర అసలు ఆగలేదు. మూడోదాని దగ్గర ఆగాయి. నర్సమ్మ అర నిమిషం ఊరుకుని, డాక్టర్ చేత ఒక చుక్క సెలైన్ వేయించి, అప్పుడు ఊఁ అంది.

నాలుగోది అన్నిటికంటే సన్నం. మణికట్టునీ వేళ్లనీ కదిపేది అదే. వేళ్లు దాన్ని పట్టుకుని, కొంచెం లేపి, ఆగాయి.

నర్సమ్మ చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. తర్వాత పైడితల్లి వైపు తిరిగింది.

“నాకు కళ్లమ్మట నీళ్లు కారిపోతన్నాయి ఈ సలికి. మసకగా ఉన్నాది. తెలీకుండా నాననను. నువ్వు సూడు.”

“నేనా? మామ్మా, నేను పద్నాలుగు రోజులు...”

“నీ కళ్లు బాగున్నాయి గదా. సూడు.”

పైడితల్లి స్టూలు దగ్గరికి వచ్చింది. ఇంతవరకూ వద్దనడమే ఆమె పని. డైరెక్టర్‌కి వద్దంది, చెల్లెలికి వద్దంది. వద్దనడానికి ధైర్యం చాలు. ఇప్పుడు తను అవునన్నాకే చెయ్యి కదులుతుంది. తప్పయితే ఆ చెయ్యి ఇక జన్మలో ఎవరి మెడ చుట్టూ పడదు.

తెర మీదకి వంగింది. పీచులు. అన్నీ ఒక దిక్కుకే ఉన్నట్టున్నాయి. ఊఁ నోటిదాకా వచ్చింది. ఆపుకుంది. మళ్లీ చూసింది.

“మత్తు ఇంకా పదిహేను నిమిషాలే ఇవ్వగలం. పసిపిల్ల కదా,” అన్నాడు ప్రేమానందం, మెల్లగా.

“పైడితల్లీ, అనెయ్. మూడు బాగానే వచ్చాయి కదా, ఇదీ వస్తుంది,” అంది పైనించి చక్రపాణి గొంతు.

“అనను సార్. ఇంకా కాలేదు.”

“టైమ్ అయిపోతోంది! రికార్డు పెట్టించనా?”

“దానికి లోపలికి దారి లేదు. నేను పెట్టలేదు. మనిషి చూసి అంటేనే వెళ్తుంది. మీరు దయచేసి మాట్లాడకండి.”

గ్యాలరీలో మైకు టక్కుమని ఆగిపోయింది. ఆయనే కట్టేశాడో, ఎవరైనా కట్టించారో తెలియదు.

యంత్రం పాప గుండెచప్పుడుని లెక్కపెడుతోంది. నోరు మూసుకోవడం ఇంత కష్టమని పైడితల్లికి ఇంతకుముందు తెలియదు. అప్పుడు కనిపించింది. ఎడమ అంచున, మిగతావాటి నీడలో, ఒకే ఒక్క పీచు, అడ్డంగా. మిగతా అన్నిటినీ చుట్టుకుని ఉంది. లాగి ఉంటే అదొక్కటే ముందు బిగుసుకుని, మిగతా నరాన్ని కోసేసేది.

“ప్రేమానందంగారూ, ఎడమ అంచున అడ్డం పడింది. కిందనించి ఉంది. లాగకండి, తడిపి వదిలేయండి.”

డాక్టర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. “అమ్మ బాబోయ్,” అన్నాడు గొంతులోనే. ఒక చుక్క వేశాడు. ఇంకో చుక్క వేశాడు. పీచు మెల్లగా తేలింది, తిరిగింది, సగంలో ఆగింది.

“తొమ్మిది నిమిషాలు,” అంది పక్కనున్న నర్సు.

పైడితల్లి కదల్లేదు. ఆదెమ్మ చెయ్యి కూడా కదల్లేదు. పోగుని పట్టుకుని అది అలాగే ఉంది, మూడో గడి వైపు చూస్తూ. అద్దాల గదిలో ఆ చేతికి జవాబిచ్చినవాళ్లు లేరు. ఇప్పుడు ఉన్నారు. ఉండి, కావాలనే ఊరుకున్నారు. అంతటి ఊరుకోవడాన్ని పైడితల్లి తన బతుకులో ఏనాడూ చెయ్యలేదు.

ఇంకో చుక్క. పీచు మిగతా సగం తిరిగి, తక్కినవాటి పక్కన సద్దుకుంది. అన్నీ ఒక్క దిక్కుకి.

పైడితల్లి ఇంకోసారి, ఈ కొస నించి ఆ కొస దాకా, ఒక్కొక్క పీచుగా చూసింది. చూశాక తల ఎత్తకుండానే అంది.

“ఊఁ.”

ఆదెమ్మ చెయ్యి తడుముకోకుండా లాగింది. నరం సాగింది, అవతలి కొసని అందుకుంది, నిలిచింది.